తేజేశ్వర్ లాడ్జిలో చేరాడు

సియాటెల్ పక్కనున్న బాతెల్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉమాకాంత్ గారి కుటుంబం ఉంటుంది. వాళ్ళబ్బాయి తేజేశ్వర్ ఐదేళ్ళప్పుడు అమెరికా వచ్చాడు. తోటి పిల్లలందరూ కంప్యూటర్ సైన్స్‌లో చేరితే, ఇతను కాలేజీ మధ్యలో మానేసి ఆర్మీలో సంతకం పెట్టి వచ్చాడు. తల్లి విజయశ్రీ గారు వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఉమాకాంత్ గారు మాత్రం, "నీకు ఇష్టమేనా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు.

శిక్షణ అయ్యాక టకోమా దగ్గరున్న స్థావరంలో పారాచూట్లు మడతపెట్టే పనిలో వేశారు. అక్కడ గోపురంలా ఎత్తైన గది ఒకటుంది. తడిసిన పారాచూట్లను పైనుంచి వేలాడదీసి అందులో ఆరబెడతారు. పనైపోయాక తేజేశ్వర్ వాటి కింద నిలబడేవాడు. ఎక్కణ్ణుంచో గాలి దూరితే ఆ గుడ్డలు మెల్లగా పొంగేవి, మళ్ళీ వాలేవి.

"నీళ్ళ అడుగున నిలబడి పైకి చూస్తున్నట్టుండేది అంకుల్," అని నాతో అన్నాడు. "టైమ్ తెలిసేది కాదు."

తను మడతపెట్టిన పారాచూట్ కట్టుకుని ఎవరో ఆకాశంలోంచి దూకుతారు. వాళ్ళెవరో ఇతనికి తెలియదు. ఇతనెవరో వాళ్ళకు తెలియదు. బారక్స్‌లో పక్క మంచం వాడితో కూడా అతనికి పెద్దగా మాటల్లేవు.

ఒక నవంబరు శనివారం, ఏమీ తోచక, దగ్గర్లోని చిన్న ఊరికి వెళ్ళాడు. సముద్రపు పాయ ఒడ్డున ఉందా ఊరు. పొగమంచులో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియటం లేదు. కనపడని ఫెర్రీ ఒకటి హారన్ కొడుతోంది. పాత చెక్క మేడ ముందు ఒక ముసలాయన మెట్ల మీది తడి ఆకులు ఊడుస్తున్నాడు. తలుపు పైన మూలమట్టం, వృత్తలేఖిని కలిపిన గుర్తు ఉంది.

"తడిసిపోతున్నావు," అన్నాడాయన. "లోపల సూప్ ఉంది, రా."

ఆయన పేరు హెరాల్డ్. వియత్నాంలో పనిచేసి వచ్చిన సైనికుడు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. అది ఫ్రీమేసన్ల లాడ్జి, అంటే ఒకరినొకరు సోదరులనుకునే ఒక పాత సంఘంవాళ్ళు కలుసుకునే చోటు. లోపల పొయ్యి దగ్గర నలుగురైదుగురు పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఏ దేశం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. ఒకాయన బ్రెడ్ ఇతని వైపు జరిపాడు. అంతే. ఆ సాయంత్రం బారక్స్‌కి తిరిగొస్తుంటే, తను నిజంగా అక్కడికి వెళ్ళాడా, నడుస్తూ నడుస్తూ కలగన్నాడా అనిపించిందట.

మళ్ళీ శనివారం వెళ్ళాడు. మేడ అక్కడే ఉంది. ఆ శీతాకాలమంతా వెళ్ళాడు. చివరికి ఒకరోజు ప్లేట్లు కడుగుతూ, "నేను కూడా చేరొచ్చా?" అని అడిగాడు.

హెరాల్డ్ చేతిలో ప్లేటు కింద పెట్టాడు. "మా అంతట మేం రమ్మనే పద్ధతి ఇక్కడ లేదు. నువ్వే అడగాలి. ఎప్పుడడుగుతావా అని అందరం చూస్తున్నాం."

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, నేను లాడ్జిలో జాయిన్ అవుతున్నా."

"లాడ్జిలో ఎందుకురా? బారక్స్ ఖాళీ చేయమన్నారా? ఇంటికి వచ్చెయ్యి నాన్నా," అన్నారు విజయశ్రీ గారు కంగారుగా.

అది బసచేసే చోటు కాదని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పటానికి చాలాసేపు పట్టింది.

చేర్చుకునే ముందు ముగ్గురు సభ్యులు ఇంటికి వచ్చి మాట్లాడి వెళ్ళటం ఆ లాడ్జి ఆనవాయితీ. హెరాల్డ్, మరో ఇద్దరు ఇస్త్రీ కోట్లు వేసుకుని బాతెల్ వచ్చారు. విజయశ్రీ గారు పెసరట్లు వేసి పెట్టి, అవి తినకముందే అడిగేశారు. "ఇందులో చేరితే మా వాడు మతం మారాలా?"

"అక్కర్లేదమ్మా," అన్నాడు హెరాల్డ్. "దేవుడున్నాడని నమ్మితే చాలు. ఏ దేవుడని మేం అడగం. ప్రమాణం ఏ గ్రంథం మీద చేస్తాడో అతనిష్టం."

ఆవిడ లేచి పూజగదిలోకి వెళ్ళి, పసుపు మరకలున్న భగవద్గీత తెచ్చి ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు.

చేరిన రోజు లోపల ఏం జరిగిందో తేజేశ్వర్ నాకు చెప్పలేదు. కళ్ళకు గంతలు కట్టారని, ఎవరో మోచెయ్యి పట్టుకుని నడిపించారని మాత్రం అన్నాడు. "శిక్షణలో దూకేముందు విమానం డోర్ దగ్గర నిలబడ్డట్టే ఉంది అంకుల్. కింద ఏమీ లేదనిపిస్తుంది కదా, అలా. కానీ ఆ చెయ్యి వదల్లేదు."

ఆ తర్వాత కొద్ది రోజులకే కొరియా పోస్టింగ్ వచ్చింది. మేసన్లలో మూడు మెట్లుంటాయి, చేరిన రోజు ఎక్కింది మొదటిది. మిగిలిన రెండూ, హెరాల్డ్ వాళ్ళ తరఫున, అక్కడి లాడ్జివాళ్ళే ఎక్కించారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు సోదరా అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అక్కడ ఉండగానే ఉమాకాంత్ గారికి గుండెనొప్పి వచ్చింది. బైపాస్ చేయాలన్నారు. మేం అప్పుడు ఇండియాలో ఉన్నాం. విజయశ్రీ గారికి ఫ్రీవే మీద డ్రైవ్ చేయాలంటే భయం. తేజేశ్వర్‌కు వెంటనే సెలవు దొరకలేదు. ఏం చేయాలో తెలియక హెరాల్డ్‌కు ఫోన్ చేశాడు, ఊరికే చెప్పుకోవటానికి.

"ఆసుపత్రి పేరు చెప్పు," అన్నాడాయన.

తెల్లారేసరికి ఆయన సియాటెల్ ఆసుపత్రిలో విజయశ్రీ గారి పక్క కుర్చీలో ఉన్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా కదల్లేదు. ఆయనకు తెలుగు రాదు, ఆవిడకు ఆ కంగారులో ఇంగ్లీషు రాలేదు. డాక్టరు వచ్చి గండం గడిచిందని చెప్పేసరికి ఆయన కుర్చీలోనే నిద్రపోతున్నాడట.

"నా శాలువా కప్పానురా," అని ఆవిడ కొడుకుతో ఫోన్‌లో చెప్పారు. "లేపబుద్ధి కాలేదు. మా నాన్న నిద్రపోతున్నట్టే ఉన్నాడు."

వసంతంలో తేజేశ్వర్ సెలవు మీద వచ్చాడు. నాన్న ఇంట్లో లేరు. నది పక్కన నడవటానికి వెళ్ళారని విజయశ్రీ గారు చెప్పారు. అతను వెతుక్కుంటూ వెళ్ళాడు. నీళ్ళ మీంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. ఆ తెలుపులో, చాలా దూరంలో, ఇద్దరు పెద్దమనుషులు నెమ్మదిగా నడుస్తున్నారు. ఒకరు వాళ్ళ నాన్న. రెండో ఆయన హెరాల్డ్. మధ్య మధ్య ఆగి బాతుల్ని చూస్తున్నారు. మళ్ళీ నడుస్తున్నారు.

తేజేశ్వర్ వాళ్ళను పిలవలేదు. చాలాసేపు వాళ్ళ వెనకే నడిచాడు.