దిగడం వచ్చినవాళ్లకే సైకిల్

“మా పాపను వెనక కూర్చోబెట్టుకుని పల్లంలోకి దిగుతుంటే బ్రేకులు పట్టకపోతే?” షాపులో నేనడిగిన మొదటి మాట అది. సైకిళ్ల షాపాయన కుడికాలి ప్యాంటుకి, అది చెయిన్లో పడకుండా పెట్టుకునే క్లిప్పు ఎప్పుడూ ఉంటుంది. ఆయన బొటనవేలితో ఒక్కో టైరూ నొక్కుతూ వెళ్లి ఒక ఆకుపచ్చ సైకిల్ దగ్గర ఆగాడు. “మధ్యరకం ధర. స్ప్రింగులు ముందు చక్రానికే, వెనక ఫ్రేము గట్టిది. పాప సీటు కదలదు. ఆఫీసుకీ ఇదే, మట్టిదారికీ ఇదే. ఏదీ, ఎక్కి దిగండి.” దిగాను. “మళ్లీ.” అలా పన్నెండుసార్లు ఎక్కి దిగాను.

“తొక్కి చూడొద్దా?” అన్నాను.

“తొక్కడం ఎవరికైనా వస్తుందండీ. దిగడం రానివాళ్లకి నేను అమ్మను.”

బిల్లు రాస్తున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది: “ఆయనకి తొక్కడం రాదు బాబూ. ముప్పై ఏళ్లుగా సైకిల్ నడిపించుకునే ఇంటికొస్తున్నారు.”

ఆయన నొచ్చుకోలేదు. “ఒక్కసారైనా పడ్డానా?” అని ఆమెనడిగి, హ్యాండిల్ నా చేతికిచ్చాడు. “భయమేసిన చోట దిగిపోండి. ఇక బ్రేకుతో పనేముంది?”

నేను వాలు కోణం, బ్రేకు పట్టే దూరం లెక్కగట్టిన కాగితం జేబులో పెట్టుకుని వచ్చినవాణ్ణి. ఇప్పుడు పల్లం వస్తే దిగిపోతాను. పాపను సీట్లోనే ఉంచి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్తాను.