కదిలే రాయి

నలభై ఏడులో ఒక సాయంత్రం నరసరావుపేట స్టేషనులో మాచర్ల రైలు కోసం కూర్చున్నాను. కదిలితే చాలు, బల్ల ఊగుతోంది. పక్కనున్న సిపాయి యుద్ధం అయ్యాక జపానులో పనిచేసి ఇంటికి వస్తున్నాడట.

“ఆడ సముద్రం ఒడ్డున పాడుబడ్డ కోట చూశానయ్యా. గోడలే మిగిలినయ్. సున్నం లేకుండా పేర్చారు, మన చేల గోడల మాదిరే. ఒక రాయి కదులుతుంటే కింద చిన్న రాతిముక్క దోపాను. మాది రాతిపని. కదిలే రాయిని వదిలేసి వస్తే మా అయ్య తంతాడు!”

“ఎవరూ ఏమనలేదా?”

“కాపలా ముసలాయన అరుచుకుంటా వచ్చాడు. రాయిని ఊపి చూశాడు. కదల్లా. ఇంక నా చెయ్యి పట్టుకుని ఒకటే నవ్వు!”

చెబుతూనే వంగి, మా బల్ల కోడు కింద ఒక రాతిముక్క దోపాడు.

ఇప్పటికీ ఆ స్టేషనుకు వెళితే ముందు ఆ బల్లను ఊపి చూస్తాను. కదలదు. ఆ ముసలాయన నవ్వు నాకూ వస్తుంది.