కూర డబ్బా కింద కొడవలి ముక్క

మొన్న మా మహిళా సంఘం వాళ్లతో తీర్థయాత్రకు పోతూ, ఈ వయసులో మొదటిసారి విమానాశ్రయంలో అడుగుపెట్టాను. మా పక్క వరుసలో విమానంలో పనిచేసే ఆడపిల్లలు బూట్లు విప్పి, అన్నం డబ్బాలతో సహా తనిఖీకి పెడుతుంటే తోటివాళ్లంతా వింతగా చూశారు. నేను మాత్రం తల దించుకున్నాను.

మాది నెల్లికుదురు దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలుగు. మా తండాలో విమానంలో ఉద్యోగం చేసిన మొదటి పిల్ల నా కూతురే. తెలంగాణ కోసం రైళ్లు ఆపిన రోజుల్లో ఆమె సెలవుకు వచ్చి చిక్కుకుపోయింది. డ్యూటీకి అందకపోతే ఊరుకోరని పరేషాన్ అవుతుంటే, మా మరిది తన జీపులో జనగామ మీదుగా పట్నంలో దింపివస్తానన్నాడు.

బయలుదేరే ముందు ఆమె విమానాశ్రయంలో తనిఖీ పద్ధతులు చెప్పుకొచ్చింది.

"విమానంల పనిచేసేటోళ్లను సుత దొంగల లెక్క తడుముతరా?" అని మా మరిది నవ్వాడు.

"మమ్ములనే ఇంక గట్టిగ చూస్తరు కాకా. గోళ్లు తీసేది సుత పోనియ్యరు."

నేను అక్కడే కూర్చుని కోడికూర డబ్బాకు సర్దుతున్నాను. ఆ మాట విన్నాను. కానీ మాంసం కూర పొలిమేర దాటితే గాలీ దయ్యం వెంటపడుతుందని, డబ్బాతో పాటు ఇనుము పెట్టి పంపడం మా అత్త నేర్పిన పద్ధతి, మా ఈడు ఆడవాళ్లలో చాలామందికి ఎరుకే. ఎప్పుడూ మేకు పెట్టేదాన్ని, ఆ రోజు చేతికి దొరకలేదు. విరిగిన కొడవలి కొనను గుడ్డలో చుట్టి సంచి అడుగున దోపాను. చెబితే వద్దంటుందని చెప్పలేదు.

దారి పొడవునా రాస్తారోకోలు, రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు. పట్నంలో తానుండే గదికి పోయే వ్యవధి లేక ఆమె జీపు దిగి నేరుగా డ్యూటీకే పోయింది. తనిఖీలో ముక్క బయటపడింది.

అప్పుడే నాకు ఫోన్ వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ మా మాటలో నన్ను యాడీ అని పిలిచే పిల్ల, ఆ రోజు తెలుగులో మాట్లాడింది.

"అమ్మా, అన్నం సంచిల కొడవలి ముక్క నువ్వే పెట్టినవా? మా సార్లు ఇంటున్నరు. జర నిజం చెప్పు."

ఆ వారమే పక్క ఊళ్లో ఉద్యమం పిల్లలను పోలీసులు పట్టుకుపోయారు. తండాకు పోలీసు జీపు వస్తుందని, అందరి ముందు నన్ను ఎక్కించుకుపోతారని భయపడ్డాను.

"నాకేం తెల్వదు బిడ్డా. గదేందో నేను చూడనే లేదు" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసింది.

విమానం ఆమె లేకుండానే పోయింది. కొన్నాళ్లకు ఉద్యోగమూ పోయింది. ఆమె నన్ను మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు, నేనూ చెప్పలేదు. తండాలో అడిగినవాళ్లకు, ఆ పని పిల్లకు పడలేదని చెప్పుకుంటూ తిరిగాను.

తరువాత ఎప్పుడో, వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఇంట్లో ఏ కాగితం కనబడినా వదిలేదాన్ని కాదు. అట్లా ఒకనాడు బిడ్డ పాత నోటుబుక్కు చేతికొచ్చింది. ఇంగ్లీషులో రాసి ఇచ్చే ముందు ఆమె తెలుగులో రాసుకున్న సంజాయిషీ అందులో ఉంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. ఆ ముక్క నేనే పొరపాటున పెట్టుకున్నాను, మొదట భయపడి మా అమ్మ పేరు చెప్పాను, ఆమెకు ఏమీ తెలియదు, అని ఉంది. నన్ను కాపాడడానికి అబద్ధాలకోరు అన్న మాట తన మీద వేసుకుంది. చదువు వచ్చినందుకు ఏడ్చింది ఆ ఒక్కనాడే.

రాష్ట్రం వచ్చింది. రైళ్లు ఆగడం మానాయి. కూరతో ఇనుము పంపే ఆడవాళ్లు మా తండాలో ఇప్పుడు వెతికినా దొరకరు. బిడ్డ భూపాలపల్లిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ పిల్లలను చదివించుకుంటున్నది. అప్పట్లో చెప్పాలంటే పోలీసుల భయం. ఇప్పుడు ఏ భయమూ లేదు, అయినా ఆమె ఎదురుగా కూర్చుంటే నోరు పెగలదు. సెలవుకు వచ్చి తిరిగి పోయేటప్పుడు నేను వండిన కూరను ఆమె తన చేత్తోనే డబ్బాకు పెట్టుకుంటుంది, సంచి తానే సర్దుకుంటుంది. నేను ఆ పక్కనే నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగుకు తుడుచుకుంటూ ఉంటాను.