దర్జీ మామయ్య చిరునామా

దర్జీ మామయ్య ఎవరినీ నమ్మడు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆయన గురించి ముప్పాతిక మువ్వీసం తెలిసినట్టే. మిగిలిన ఆ వీసం తెలియడానికి సొంత మేనకోడలికే ఇరవై ఆరేళ్లు పట్టింది.

కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడూ పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడతాడన్నది ఆయనకున్న ఒకే ఒక్క నమ్మకం. అందుకని టేపు నడుముకి చుట్టి, ఏదో లోకాభిరామాయణం మొదలుపెట్టి, ఎదుటివాడు నవ్వి ఊపిరి వదిలిన క్షణంలో చటుక్కున బిగించేవాడు. ఆయన కుట్టిన ప్యాంటు బిగుతైందని ఎవరూ తిరిగి రాలేదు. వచ్చినా అది తను కుట్టిందేనని అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. వయసులో ఉండగా ఒకావిడ తనంతట తనే వచ్చి, పెళ్లి చేసుకుందామా అని అడిగిందట. ఎందుకు అని అడిగాడట ఈయన. ఆవిడ కాసేపు ఆలోచించి వెళ్లిపోయిందట. చూశావా, కారణం లేదు, అని ఇప్పటికీ అంటుంటాడు.

ముప్పై ఏళ్లు మూడో అంతస్తులో కాపురముండి, మోకాళ్లు మొరాయించడంతో, రెండు వీధుల అవతల కింది వాటాలో రెండు గదులు తీసుకున్నాడు. సామాను మోసేవాళ్ల మీద అనుమానంతో పెట్టెల మీద దొంగ పేర్లు రాశాడు. చెప్పుల పెట్టె మీద ‘గాజు సామాను, జాగ్రత్త’ అని, గాజు సామాను మీద ‘పాత పేపర్లు’ అని. మోసేవాళ్లు చెప్పుల పెట్టెని పసిబిడ్డలా పొదువుకుని దింపారు. పాత పేపర్లని మాత్రం లారీ మీంచి విసిరేశారు. ఆ సాయంత్రం మామయ్య స్టీలు మూతలో టీ తాగుతూ, చూశావా, వాళ్లని నమ్మకపోవడమే మంచిదైంది అని మేనకోడలితో అన్నాడు.

కొత్త ఇల్లెక్కడ అని అడిగితే పాత ఇంటికి దగ్గర్లోనే అనేవాడు. పాత ఇల్లెక్కడ అని అడిగితే కొత్త ఇంటికి దగ్గర్లోనే అనేవాడు. పక్క దుకాణంలో పదేళ్లుగా తాళాలు బాగుచేస్తున్న మనిషికి కూడా ఆయన ఇల్లు ‘అటువైపు’ అని మాత్రమే తెలుసు.

మేనకోడలు ఒక ఆడిటరు గారి దగ్గర పన్నుల కాగితాలు నింపే పని చేసేది. మామయ్య దుకాణం లెక్కలు కూడా అక్కడే చూసేవాళ్లు. ఇల్లు మారిన రెండు నెలలకి ఆవిడ బల్ల మీదికి మామయ్య పేరుతోనే ఒక ఉత్తరం వచ్చింది. పన్నుల ఆఫీసు పాత ఇంటికి పంపిన ఉత్తరం ‘ఈ చిరునామాలో లేరు’ అని తిరిగొచ్చిందట. పదిహేను రోజుల్లో ఇంటి చిరునామా సరిచేయించకపోతే దుకాణం రిజిస్ట్రేషను నిలిపేస్తారట. ఒక పేజీ దరఖాస్తు. పది నిమిషాల పని. ఆవిడ దరఖాస్తు పట్టుకుని వెళ్లింది.

తలుపు తీయడానికే పది నిమిషాలు పట్టింది. ఎవరని అడిగాడు. చెప్పింది. గొంతు బొంగురుగా ఉందేమన్నాడు. జలుబన్నది. నిన్న లేదుగా అన్నాడు. చివరికి గొలుసు తీయకుండానే సందులోంచి దరఖాస్తు అందుకుని, రెండు వైపులా చదివి, వెలుతురుకి పట్టి చూసి, తిరిగిచ్చేశాడు.

“వాళ్లకి నా ఇల్లెందుకు? కుట్టేది దుకాణంలో. ఇంట్లో నిద్రపోతాను. నిద్ర మీద పన్నుందా?”

లేదని, కానీ చట్టప్రకారం చెప్పాలని మేనకోడలు నచ్చజెప్పింది. పాత చిరునామానే ఉంచమన్నాడు. అక్కడ నువ్వు లేవుగా మామయ్యా అంది. రోజూ పదకొండింటికి అక్కడే ఉంటానన్నాడు. అని, అనవసరంగా నోరు జారినట్టు నాలిక కరుచుకుని తలుపు వేసేసుకున్నాడు.

ఆ మాట ఇంటికెళ్లి తల్లికి చెప్పడం మేనకోడలు చేసిన పొరపాటు. అనుమానం ఆ ఇంటి రక్తంలోనే ఉంది. తమ్ముడు ఖాళీ చేసిన ఇంటికి రోజూ ఎందుకెళ్తున్నట్టు అని తల్లి ఆలోచనలో పడింది. భోజనం అయ్యేసరికి తమ్ముడికి ఒక రహస్య సంసారం ఉందని తేలిపోయింది. చేతులు కడుక్కునేసరికి దానికి ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు. అదేం కాదని మేనకోడలు కొట్టిపారేసింది గానీ, పీకుడు ఆవిడకీ పట్టుకుంది.

మర్నాడు పన్నుల ఆఫీసుకి వెళ్లి, చిరునామా మార్పుల కౌంటరులో మామయ్య పన్ను నంబరు ఇచ్చింది. గుమాస్తా నంబరు కొట్టి, కళ్లజోడు సరిచేసుకుని, తెర ఆవిడవైపు తిప్పాడు.

“ఆ ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్లు?”

“ఆయనొక్కడే.”

“మా లెక్కలో పన్నెండు మంది.”

ఒకే తలుపు నంబరు కింద పన్నెండు పేర్లు. ఏ రెండు ఇంటిపేర్లూ కలవవు. అందులో అయిదుగురు ఆడవాళ్లు. గుమాస్తా గొంతు తగ్గించి, ఇలా ఒకే ఇంట్లో డజను పేర్లు కనిపిస్తే అవి సాధారణంగా దొంగ వ్యాపారాలని చెప్పాడు. గడువులోగా సంజాయిషీ రాకపోతే పన్నెండు నంబర్లూ ఒకేసారి ఆగిపోతాయన్నాడు. గొలుసు తీయని తలుపు, సందులోంచి మాటలు, పదకొండింటి ప్రయాణం, అన్నీ కలిపి చూస్తే మేనకోడలికి మామయ్య మామయ్యలా కనిపించడం మానేశాడు.

మరునాడు పదకొండు కాకముందే పాత భవనం ఎదుటి బస్‌స్టాపులో, పేపరు అడ్డం పెట్టుకుని నిలబడింది.

పోస్టుమాన్ సైకిలు వచ్చేసరికే మామయ్య మెట్ల కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఉత్తరాల కట్ట ఆయనకే ఇచ్చి పోస్టుమాన్ వెళ్లిపోయాడు. తర్వాత ఒక్కొక్కరే రాసాగారు. గొడుగులు బాగుచేసే ముసలాయన. ఆస్పత్రి యూనిఫారంలోనే ఒక ఆయా. టాక్సీ డ్రైవరు. మామయ్య దుకాణానికి కాజాలు కుట్టిచ్చే ఆవిడ. వచ్చినవాళ్లెవరికీ ఉత్తరం ఊరికే ఇవ్వలేదు. నీ పేరేంటి, కిందటిసారి వచ్చింది దేని గురించి, పన్ను కార్డేది అని నిలదీశాడు. గొడుగులాయనకి ఉత్తరం విప్పి చదివి, ఇది నీకు మంచిదే, భయపడకు, శుక్రవారంలోగా జవాబు రాయాలి, నేను రాసి పెడతాను అని చెప్పాడు. టాక్సీ డ్రైవరుకొచ్చిన కాగితం చూసి మాత్రం, ఇది ఆఫీసు రాసింది కాదు, ఎవడో దొంగవెధవ, డబ్బు అడుగుతున్నాడు, పైసా పంపకు అని అక్కడికక్కడే చింపేశాడు.

పేపరు మడిచి మేనకోడలు రోడ్డు దాటింది. ఆవిడని చూసి మామయ్య దొరికిపోయిన దొంగలా లేచి నిలబడ్డాడు.

“మామయ్యా, ఎవరు వీళ్లంతా?”

“గదులు మారేవాళ్లు” అన్నాడు, గోడవైపు చూస్తూ. “ఆర్నెల్లకోసారి ఖాళీ చేయిస్తారు. ఓనర్లు కాగితం రాసివ్వరు. ఈ ఆయాకి ఒకసారి పన్నుల ఆఫీసు ఉత్తరం వస్తే, పాత ఓనరు చెత్తబుట్టలో పడేశాడు. కార్డు ఆగిపోయింది. తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది తిరిగింది. ముప్పై ఏళ్లు కదలకుండా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. నా చిరునామా రాసుకోమన్నాను.”

“మరి నువ్వే ఇల్లు మారావుగా. ఆ మాట చెప్పొచ్చుగా.”

“నేనొక్కణ్నే మారితే వీళ్లు ఎక్కడికి పోతారు? పన్నెండు మందిమీ ఒకేసారి మారితే ఆఫీసువాళ్లకి అనుమానం రాదూ? అనుమానం సంగతి నాకు తెలీదా?”

రెండు నెలలుగా బాగానే నడిచిందట. పాత పోస్టుమాన్ సెలవు పెట్టిన వారంలో వచ్చిన కొత్తాయన మాత్రం మెట్ల కింద ఆగకుండా మూడో అంతస్తుకెక్కి, అక్కడ కొత్త కాపురాన్ని చూసి, ఉత్తరం వెనక్కి పంపేశాడట. మేనకోడలికి మామయ్యని తిట్టాలో, దణ్ణం పెట్టాలో తెలియలేదు. దరఖాస్తులో ‘ఉత్తరాలు అందవలసిన చిరునామా’ అని వేరే గడి ఉంటుందని, అందులో మామయ్య కొత్త చిరునామా వేసి ‘ఫలానా వారి ద్వారా’ అని రాస్తే చాలని, ఇందులో దొంగతనమేమీ లేదని చెప్పింది. ఆ గడి ఇన్నాళ్లూ ఎందుకు దాచారని ఆయన అడిగాడు.

పన్నెండు దరఖాస్తులు ఆవిడే నింపింది. గడువుకి రెండు రోజుల ముందు పన్నెండు మందీ ఒకేసారి కౌంటరు ముందు నిలబడ్డారు. గుమాస్తా అందరినీ ఎగాదిగా చూసి, కాగితాలు తిరగేసి, మామయ్య దగ్గర ఆగాడు.

“ఈ పదకొండు మందికీ మీరు పూచీ ఉంటారా?”

సొంత అక్క పెట్టిన కాఫీని కూడా వాసన చూసి తాగే మనిషి. ఈసారి ఎందుకు అని అడగలేదు.

“ఉంటాను” అని, పదకొండు సంతకాలు పెట్టాడు. పెట్టాక గుమాస్తాని గుర్తింపు కార్డు చూపించమన్నాడు.

వారం తర్వాత కొత్త చిరునామా సరిచూడడానికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మేనకోడలు కూడా అక్కడే ఉంది గానీ, ఆవిడ మాటా సాగలేదు. మామయ్య ఆయన్ని వాకిట్లో ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. కార్డు మీది ఫొటోలో మీసముంది, ఇప్పుడు లేదేమన్నాడు. ఆఫీసుకి ఫోన్ చేసి, ఎత్తినవాడు నిజంగా ఆఫీసువాడేనా అని ఇంకో ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా అరుగు మీద కూర్చుని, ‘సదరు వ్యక్తి ఈ చిరునామాలో నివసిస్తున్న మాట వాస్తవం. ఎవరినీ లోపలికి రానివ్వడు’ అని నివేదిక రాసుకున్నాడు. రాసుకుని కూడా లేవలేదు. కాసేపు కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి, మెల్లగా అసలు సంగతి చెప్పాడు. తనదీ బదిలీల ఉద్యోగమేనట, నాలుగేళ్లలో అయిదు ఇళ్లు మారాడట, తల్లి రాసే ఉత్తరాలు సగం ఎక్కడ తిరుగుతున్నాయో తెలియదట.

తలుపు గొలుసు వెనక నుంచి దర్జీ మామయ్య ఆయన్ని కింది నుంచి పైదాకా కొలిచినట్టు చూశాడు.

“మీరు ఇన్‌స్పెక్టరని నాకింకా పూర్తిగా తేలలేదు” అన్నాడు. “అయినా సరే, దరఖాస్తు తెచ్చుకోండి. చూద్దాం.”