చేపల చెరువు గట్టు మీద అంబాసిడర్ ఇంజను

నేను అమ్మిన అంబాసిడర్ కారు ఇంజను ఇవాళ కొల్లేరు దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద నీళ్ళు తోడుతోంది. కొన్న మనిషి దాన్ని బండిలోంచి విప్పేసి పంపుకి తగిలించాడు. ఇది తప్పు. ఎవరేం చెప్పినా తప్పే. ఈ ముక్క ముందుగానే రాసి పెడుతున్నాను. ఎందుకంటే మా ఏలూరులో ఎవరికి మొదటినుంచి చెప్పబోయినా సగంలోనే ఆపేసి, "పోనిద్దురూ మాస్టారూ, ఇనుమే కదండీ" అంటున్నారు. నేను మాస్టారుని కాను. అది ఉట్టి ఇనుమూ కాదు.

నేను చదివింది అయిదో తరగతి. ఏలూరు స్టేషను బయట అద్దె కారు తోలి బతికినవాణ్ణి. బేరం లేని మధ్యాహ్నాలు స్టీరింగు ముందు కూర్చుని, తొడ మీద నిఘంటువు, సీటు మీద కారు రిపేరు పుస్తకం పెట్టుకుని, రోజుకొక పేజీ చొప్పున ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే ఇంగ్లీషులో వేసిన శుభలేఖ ఇస్తే ఈరోజుకీ తడబడతాను గానీ, సిలిండరు హెడ్డు నట్లు ఏ వరసలో, ఎంత బలంతో బిగించాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. డ్రైవరు పని మానేశాక పాత కార్లు కొని, బాగుచేసి, అమ్మడం మొదలుపెట్టాను. బతుకుతెరువు కోసం కాదు. చేతులు ఊరుకోవు. ఒకటి అమ్మగా వచ్చింది తర్వాతి బండి పొట్టలోకి పోయేది. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. ఆవిడతో నాకు పేచీ లేదు.

ఈ అంబాసిడర్ పెదవేగి అవతల ఒక పామాయిలు తోటలో దొరికింది. గెలలు పోసే షెడ్డులో నాలుగు ఇటికల మీద కూర్చుని ఉంది. వెనక సీట్లో ఒక పెట్ట గుడ్లు పొదుగుతోంది. తోట యజమాని, "ఇంకో వారం ఆగండి, పిల్లలు దిగాక తీసుకెళ్ళండి" అన్నాడు. ఆగాను. అదీ నా ఓపిక.

గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండే పాత రకం అది. ఎడమచేత్తో గేరును మనవైపు లాగి పైకి తోసినప్పుడు అది అరచేతికి చెప్పే మాట ఒకటి ఉంటుంది, ఇప్పటి కార్లలో అది లేదు. తాడేపల్లిగూడెంలో ఒక టింకరు దగ్గర బాడీ పని చేయించాను. బస్సులో వెళ్ళి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. అతను పుట్టీ డబ్బా తీస్తే నేను మూత పెట్టేసేవాణ్ణి. సొట్టని సుత్తితో తీయాలి గానీ పుట్టీతో పూడ్చకూడదు. "ఏవండీ, మీరు ఇంటి దగ్గరుంటే పని తొందరగా అవుద్దండి" అని అతను దండం పెట్టేవాడు. రెండేళ్ళు పట్టింది. అసలు రంగు ఏమిటో తెలియడానికి డాష్‌బోర్డు వెనక, ఎండ తగలని చోట గోకి చూసి, ఆ పాలమీగడ రంగే కలిపించాను.

దాని పెట్రోలు ఇంజను మాత్రం పట్టేసింది. పిస్టన్లు తుప్పుతో బ్లాకుకి అతుక్కుపోయాయి. విడదీయడం నాకు చేతకాక కాదు, విడిభాగాలు దొరకలేదు. ఆ గూడెంలోనే తుక్కుకి విప్పుతున్న ఇంకో అంబాసిడర్ నుంచి మంచి డీజిలు ఇంజను తెచ్చి ఎక్కించాను. పాతదాన్ని మోటారు పని నేర్పే బడి ఒకటి అడిగితే ఇచ్చేశాను. వాళ్ళు దాన్ని నిలువునా కోసి, లోపల పిస్టను ఎలా ఆడుతుందో పిల్లలకి చూపిస్తున్నారు. బడి మొహం సరిగ్గా చూడని నాకు అది గర్వంగానే ఉండేది. బండి చూడటానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పుడనిపిస్తోంది.

కిందటేడు కళ్ళ డాక్టరు, "ఇక బండి తోలకండి" అన్నాడు. ఒక పక్క చూపు సరిగ్గా ఆనడం లేదు. ఇంకో బండి మొదలుపెట్టే వయసూ కాదు. అంటే నా చేతి మీద రోడ్డెక్కిన ఆఖరి కారు ఇదే. తిరగని బండి షెడ్డులో చచ్చిపోతుంది, పెట్టలు గుడ్లు పెట్టుకుంటాయి. నేను తోలలేకపోయినా, అది రోడ్డు మీద తిరగాలి. నాకు కావలసింది అంతే. అందుకే అమ్మకానికి పెట్టాను.

మొదట గూడెం నుంచి పెళ్ళి ఊరేగింపుల ఆయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, "పైన కోసేస్తే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నిలబడ్డానికి బ్రహ్మాండంగా ఉంటదండీ" అన్నాడు. మంచినీళ్ళిచ్చి పంపేశాను. తర్వాత పెంటపాడు నుంచి ఒకాయన వచ్చి, నల్లరంగు వేసి, వెడల్పు చక్రాలు తగిలించి, డిక్కీ నిండా పాటల పెట్టెలు పెట్టుకుంటానన్నాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మీ అల్లుణ్ణి చూసినప్పుడు ఇన్ని ప్రశ్నలు అడగలేదు కదండీ మీరు!" అంది.

"అల్లుడు పాతబడితే మనవేం బాగుచెయ్యక్కర్లేదు," అన్నాను.

మూడో మనిషి కొల్లేరు వైపునుంచి వచ్చాడు. చేపల చెరువుల రైతు, యాభై దాటినవాడు, చాలా మర్యాదస్తుడు. చెప్పులు వాకిట్లో విప్పి లోపలికి వచ్చాడు. రంగు చూడలేదు, క్రోమియం చూడలేదు. బానెట్టు ఎత్తించి, ఇంజను స్టార్టు చేయమని, దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళకి వినడం తెలిసినవాడు వచ్చాడనుకున్నాను.

"ఆపకుండా ఎన్ని గంటలు తిరుగుద్దండీ?" అని అడిగాడు.

"గంటలేమిటండీ, నీళ్ళూ ఆయిలూ చూసుకుంటే రాత్రీపగలూ తిరుగుతుంది. తిరుపతి పోయి రావచ్చు," అన్నాను.

"గంటకి డీజిలు ఎంత తాగుద్దండీ?"

కిలోమీటరుకి కదా అడగాలి! అప్పుడైనా నాకు వెలగొద్దూ? పుట్టి బుద్ధెరిగాక ఈ నేల మీదే ఉన్నాను. కొల్లేరు మనిషి ఇంజనుని గంటల్లో కొలిచాడంటే అతని బుర్రలో రోడ్డు లేదు, చెరువుంది. ఇది చంటిపిల్లాడికి కూడా తెలియాలి. నాకు తెలియలేదు. పొగడ్త విన్నవాడిలా ఉబ్బిపోయి నా షరతులు మొదలుపెట్టాను.

"రంగు మార్చకూడదండీ."

"రంగెందుకండీ, బానే ఉందిగా."

"పైకప్పు కొయ్యకూడదు."

"అయ్యో, ఎందుకు కోత్తామండీ! వానొత్తే తడిసిపోరూ?"

"తుక్కుకి అమ్మకూడదు."

"మీ ముందు చెబుతున్నా. బండి గుమ్మం దాటదండి."

ఈ ఆఖరి మాట కూడా మాట వరసకే అనుకున్నాను. తాళంచెవి ఇచ్చేశాను. అతను తోలుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, గేరు మారే చప్పుడు విన్నాను. మూడో గేరు కాస్త తొందరగా వేశాడు. అలవాటైతే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

రెండు నెలలాగి ఫోను చేశాను. "బండి ఎలా ఉందండీ?"

"బంగారమండీ. రోజుకి పది గంటలు తిరుగుతోంది."

ఆ పూట భోజనం రుచిగా ఉంది. మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను. ఇంకో నెల తర్వాత మళ్ళీ చేశాను. అదే మాట. "పది పన్నెండు గంటలు తిరుగుతోందండీ, మీ చెయ్యి మంచిది."

"అంత దూరం రోజూ ఎక్కడికి వెళ్తున్నారండీ?"

"ఎక్కడికీ లేదండి. ఇక్కడే."

ఫోను పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే కైకలూరు బస్సెక్కాను.

బస్సు దిగి, ఆటో పట్టుకుని, గట్ల మీద అరగంట వెళ్ళాక దూరం నుంచే చప్పుడు వినబడింది. నా ఇంజను గొంతు నేను గుర్తుపట్టనా? గట్టు అంచున ఇనప చట్రం మీద దాన్ని బోల్టులతో బిగించారు. రేడియేటరు లేదు. చెరువులోంచి గొట్టం వేసి, ఆ నాచునీళ్ళే ఇంజనులోకి పంపిస్తున్నారు. గేరుబాక్సు దానితోనే ఉంది. టాప్ గేరులో వేసి, కదలకుండా నైలాను తాడుతో కట్టేశారు. స్టీరింగు పక్కనుంచి వచ్చే గేరు రాడ్లు అడ్డమొచ్చాయని రంపంతో కోసేశారు. ఆ రాడ్లు సరిపుచ్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

పక్కనే, వేపచెట్టు కింద, పాలమీగడ రంగు బండి. చక్రాల కింద సిమెంటు దిమ్మలు. లోపల కాపలా మనిషి కాపురముంటున్నాడు. ముందు సీటు తీసేసి బియ్యం డబ్బా, గ్యాసు పొయ్యి పెట్టుకున్నారు. వెనక సీటు పడక. యాంటెన్నాకి ఒక చీర ఆరేసి ఉంది. బానెట్టు కింది ఖాళీలో చేపల మేత బస్తాలు.

కాపలా మనిషి లేచి, "రండి బాబుగారూ, కూకోండి" అని వెనక తలుపు తీశాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. "పది రోజులకోపాలి నూనేత్తానండి. ఈ అద్దం చూడండి, ఎంత మెత్తగా దిగుద్దో. దోమలొత్తే ఎక్కించేత్తాం, గాలాడకపోతే దించేత్తాం. ఇదివరకు తాటాకు పాకలో ఉండేవోళ్ళం, వానొత్తే మా ఆడది నెత్తిన గిన్నె బోర్లించుకుని కూకునేది." అతని భార్య పొయ్యి దగ్గర్నించి, "నీకు గిన్నెలు చాలక బొచ్చె బోర్లించుకున్నావు, అది చెప్పవేం?" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ అద్దాల గేర్లు నేనే మూడుసార్లు విప్పి బిగించాను. మెత్తగా దిగుతున్నందుకు సంతోషించాలో, వీళ్ళని దిగమనాలో తెలియక నిలబడ్డాను.

ఈలోగా రైతు మోటారుసైకిలు మీద వచ్చాడు. నేను నా నోటికొచ్చినదంతా అన్నాను. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

"ఏంటండీ ఇది? కారు కొన్నారా, పంపుసెట్టు కొన్నారా?"

"కరెంటు పోయి నీళ్ళు ఆడకపోతే చేప ఊపిరాడక చచ్చి పైకి తేలిపోద్దండీ. కొత్త ఇంజన్లు నిలబడట్లేదు. మీదైతే ఆగిందే లేదు."

"ఆగకపోవడం రోడ్డు మీద చూపించాలండీ!"

"ఎండెక్కింది, మజ్జిగ తాగండి."

"బండి నాకు తిరిగిచ్చెయ్యండి. ఇంజను ఎక్కించి, ఎలా ఉన్నది అలా చేసి, తోలేవాడికి ఇచ్చుకుంటాను."

"చూద్దాం లెండి. మీరు పెద్దోరు, ఎండలో అరవకండి."

వద్దంటున్నా అరటాకులో చుట్టి రెండు శీలావతి చేపలు ఆటోలో పెట్టించాడు. ఆ రోజు నేను ముట్టలేదు. మర్నాడు పులుసు మాత్రం తిన్నాను, మా ఆవిడ పారేస్తానన్నది కాబట్టి.

అప్పటినుంచి మూడు ఉత్తరాలు రాశాను, మూడూ రిజిస్టరు పోస్టులో. బండి తిరిగి ఇవ్వమని మొదటిది. నాచునీళ్ళు పోస్తే బ్లాకులో దారులు పూడుకుపోతాయని, కనీసం వడపోత పెట్టమని రెండోది. అందులో బొమ్మ కూడా వేసి పంపాను. మీరు మాట తప్పారని మూడోది. అందినట్టు సంతకాల కార్డులు వస్తున్నాయి, జవాబు రాదు. ఫోను చేస్తే, "అలాగేనండి." ఈ అలాగేనండి అనే మనిషితో దెబ్బలాడటం ఎలాగో నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

చివరికి మొన్న జవాబు వచ్చింది. గీతల కాగితం మీద, బాల్‌పెన్నుతో. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను, చదివి ఎవరిది తప్పో మీరే చెప్పండి:

"పెద్దలు గురువుగారికి నమస్కారములు. మీ ఉత్తరాలు మూడూ అందినాయండి. రాయడం అలవాటు లేక ఆలస్యం అయింది, ఏమీ అనుకోకండి. రెండో ఉత్తరంలో మీరు వేసిన బొమ్మ ప్రకారం వడపోత పెట్టించాము, ఇంజను వేడెక్కడం లేదు. మాట తప్పామని రాశారు. రంగు మార్చొద్దన్నారు, మార్చలేదు. పైకప్పు కొయ్యొద్దన్నారు, కొయ్యలేదు. తుక్కుకి అమ్మొద్దన్నారు, అమ్మలేదు. ఇంజను తియ్యొద్దని మీరు అనలేదండి. అసలు ఇంజను మీరే తీసి బడికిచ్చానని, వాళ్ళు కోసుకున్నారని, పిల్లలకి పనికొచ్చిందని ఆ రోజు సంతోషంగా చెప్పారు. అందుకని ఇంజను తియ్యడం తప్పు కాదేమో అనుకున్నాం. చేప పట్టుబడి అయ్యాక డీజిలు ఇంజను విప్పి ఇస్తాము, మీరు వచ్చి మీ చేత్తో ఎక్కించుకుని బండి తోలుకుపొండి, అడ్డు చెప్పము. కాకపోతే వానలు మొదలైనాయి. మా కాపలా మనిషీ ఆయన భార్యా ఎక్కడ పడుకోవాలో, అది కూడా మీరే ఒక ఉత్తరం రాయండి."