ప్రిములా మీద అమ్మవారు

మా పిడుగురాళ్లలో పూల గురించి మాట్లాడితే జనం నవ్వుతారు. సున్నపు బట్టీల పొగ, లారీలు లేపే తెల్లదుమ్ము, వేపాకు కూడా పచ్చగా కనపడని ఊరు. అట్లాంటి చోట ఎనభైల్లో నేను ప్రిములా పెంచాను. పెంచడమే కాదు, పూయించాను. ఇప్పుడు చెబితే నమ్మేవాడు లేడు. అప్పుడు చూసినవాళ్లేమో కథను ఇంకోరకంగా చెబుతున్నారు. అందుకే రాస్తున్నాను.

మొదట ఆ పువ్వును బదరీనాథ్ దారిలో చూశాను. యాత్ర బస్సు టైరు పంక్చరయితే అందరూ రాళ్ల మీద కూర్చుని అటుకులు తింటున్నారు. నేను రోడ్డు కిందికి దిగాను. మంచు కరిగి నీళ్లు జారే గడ్డిలో జానెడు మొక్కలు, ఒక్కో కాడ చివర ఊదారంగు పూల గుత్తి. నాటినవాడు లేడు, నీళ్లు పోసినవాడు లేడు. అంత చలిలో అంత ధీమాగా నిలబడ్డ పువ్వును నేను ఎన్నడూ చూడలేదు. పైనుంచి హారన్ మీద హారన్ కొట్టి, "ఆయన్ని ఇక్కడే వదిలేద్దాం, సన్నాసుల్లో కలుస్తాడు" అని కేకలేశారు.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. తర్వాత చదివిందంతా లైబ్రరీల్లోనే. నరసరావుపేట లైబ్రరీలో ఒక బొమ్మల పుస్తకం తిరగేసి ఆ పువ్వు పేరు పట్టుకున్నాను. ఒక కొండ ఊరి నర్సరీనుంచి విత్తనాలు తెప్పించాను. అవి నేను చూసిన అడవి రకానివి కావు, కుండీల్లో పెరిగే దాని దాయాదివి. ముక్కుపొడిలా ఉన్న ఆ గింజల్ని చూసి మా ఆవిడ, "దుమ్ము పొట్లం కట్టి పంపారయ్యా నీకు" అంది.

వాటిని మట్టితో కప్పకూడదు, పైపైన చల్లాలి. ఎండ తగలకూడదు. మా ఇంట్లో చల్లటి చోటు ఒక్కటే, తాగునీళ్ల కుండల పక్కన తడి ఇసుక. కుండీలో చల్లి అక్కడ పెట్టాను. మాది సున్నపురాతి నేల, బావినీళ్లు పోస్తే ఆకు పసుపెక్కుతుంది. అందుకని వాననీళ్లు జాడీల్లో పట్టి దాచాను. ఆ నీళ్లలో కందిపప్పు వెన్నలా ఉడుకుతుందని మా ఆవిడ కనిపెట్టింది. ఇంకేముంది, నేను బట్టీ పనికి పోగానే ఒక జాడీ ఖాళీ.

"పప్పు బాగుందన్నావుగా?" అనేది.

అన్నాను మరి, ఏ నీళ్లో తెలియక!

ఇన్నింటి మధ్య ఒక్క మొక్క బతికింది. మాఘమాసంలో పూసింది. లేత గులాబీ రేకులు, నడుమ ఆకుపచ్చ కన్ను. పనినుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా దాని ముందు కూర్చునేవాణ్ణి. నాకు కావలసింది ఒకటే, ఆ పూలు వాడి గింజ కట్టాలి. మన ఎండగాలిలో కట్టిన గింజ మరుసటేడు ఇంకాస్త తట్టుకుంటుందని నా ఆశ. నర్సరీవాళ్లు ఆ రకం అమ్మడం మానేశారు కూడా. అందుకే కోడి ఈకతో పువ్వు పువ్వునూ తాకించేవాణ్ణి, పుప్పొడి అంటాలని.

అప్పుడు క్రోసూరునుంచి వదిన వచ్చింది, మా ఆవిడ అక్క. ఎక్కడ చెత్త కనపడ్డా ఊరుకునే మనిషి కాదు. ప్రిములాకి ఉన్న పండుటాకులన్నీ గిల్లేసింది. రెండు రోజులకు ఆమె వేళ్లనుంచి మోచేతులదాకా ఎర్రటి పొక్కులు, ఒకటే దురద. పక్కింటి ముసలావిడ వచ్చి చూసింది. వీధికంతటికీ అత్త ఆమె.

"అమ్మవారు పోసిందే," అని తేల్చేసింది.

గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు బంద్. నన్ను గడ్డం కూడా గీసుకోనివ్వలేదు.

"అమ్మవారు కాదత్తా, ఆ ఆకుల నూగు. కొందరి ఒంటికి పడదని పుస్తకంలో రాశారు," అన్నాను.

"ఏందీ, పూలమొక్క దురద పెట్టిద్దా? ఇని చెప్పుకుంటే నవ్విపోతారు అల్లుడా!"

"నేను జొరంతో చస్తంటే నీ పుస్తకమేంది మరిదీ?" అంది వదిన మంచంమీంచి.

"నీకు జ్వరం లేదుగా వదినా!"

"వస్తదిలే!"

నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ చూస్తుండగా ఒక ఆకు తెంచి ముంజేతికి బరబరా రుద్దుకున్నాను. "రేపు చూడండి" అన్నాను. రేపు వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. నా చేతిమీద ఒక్క పొక్కు రాలేదు. నాకు ఆ నూగు పడుతుంది, అంతే. కొందరికే పడదని ముందే మొత్తుకున్నానా? ఎవరు వింటారు!

"ఏదీ, చూపియ్యి అల్లుడా," అని నా చెయ్యి పట్టుకుని వీధిలో వాళ్లందరికీ తిప్పి తిప్పి చూపించింది అత్త. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అంతటితో పోలేదు. ఎన్నడూ చూడని పువ్వు, అమ్మవారు వచ్చిన ఇంట్లో పూసింది కాబట్టి అది అమ్మవారిదేనని అత్త నిర్ణయించింది. నేను పనినుంచి వచ్చేసరికి మొక్కకు ఒక్క కాడ లేదు. పూలన్నీ పళ్లెంలో, పసుపుముద్ద ముందు, పెరుగన్నం పక్కన. మొగ్గల్ని కూడా వదల్లేదు.

"నా గింజ!" అని అరిచాను.

"మెల్లగా. చల్లంగా పోవాల్సిన తల్లి," అంది మా ఆవిడ.

పూలు కోసింది అత్తా, ఎదురింటి కోడలూ. వారం తిరక్కముందే ఇద్దరూ చేతులు గోక్కుంటున్నారు. ఇప్పుడైనా నా మాట నిలబడుతుందనుకుని అత్త ఇంటికి పరుగెత్తాను. గుమ్మానికి అప్పటికే వేపమండలు!

"తల్లి వీధంతా తిరుగుతోంది అల్లుడా," అంది అత్త, గోక్కుంటూ.

మొక్కను ముట్టుకోవడం మానేశాక వదినకు తగ్గిపోయింది. తగ్గించిన పేరు మాత్రం పూలపూజకు పోయింది. బస్సెక్కుతూ, "దాని పిలక ఉంటే ఒకటియ్యి మరిదీ, మా ఊళ్లో అమ్మవారికి పెట్టుకుంటాం," అని అడిగింది.

ప్రిములా మళ్లీ మొగ్గ వెయ్యలేదు. ఫాల్గుణం వడగాలికి ఆకులు ముడుచుకుని మాడిపోయాయి. తర్వాత ఆ కుండీలో మా ఆవిడ కనకాంబరం నాటింది. దుమ్మూ ఎండా లెక్కచెయ్యకుండా అది విరగబూసింది. దాని తప్పేమీ లేదని నాకూ తెలుసు. అయినా ఒక్కనాడూ దానికి నేను నీళ్లు పొయ్యలేదు.