దుత్తలూరు నుంచి ఆత్మకూరు దాకా

ఆత్మకూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పన్నెండేళ్ళు పనిచేసి, ముప్ఫై ఎనిమిదో ఏట అంబులెన్స్ టెక్నీషియన్ శిక్షణలో చేరాను. రాజీనామా చేయలేదు, జీతం లేని సెలవులో ఉన్నాను. శిక్షణ చివరి వారం, ఎండాకాలంలో, నన్ను ఉదయగిరి బండి మీద వేశారు. డ్యూటీ టెక్నీషియన్ చెప్పింది చేయడం తప్ప శిక్షణలో ఉన్నవాడికి వేరే అధికారం ఉండదు.

ఆఫీసులో నాది తపాలా సీటు. వచ్చిన కాగితానికి నంబరు వేసి సెక్షనుకు పంపాలి. చెడ్డ పనేమీ కాదు, నేనే కూర్చోలేకపోయేవాణ్ణి. టీ వంకతో లేచి, కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరిగేవాణ్ణి. “పర్మనెంటు ఉద్యోగం వదిలేసి అంబులెన్స్ ఎక్కతారా? మీకేమన్నా మతి పోయినాదా?” అంది నా భార్య. ఆ చివరి వారం దాటగానే, సోమవారంతో నా సెలవు అయిపోతుంది. రాజీనామా కాగితం సంతకం లేకుండా జేబులోనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం దుత్తలూరు అవతల నుంచి కాల్ వచ్చింది. మేకలకు మేత కొట్టడానికి తుమ్మచెట్టెక్కిన చిన్నయ్య అనే కాపరి కిందపడ్డాడు. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే తల కదలనివ్వకూడదు. లోపల నరం దెబ్బతింటే కాళ్ళూ చేతులూ పడిపోతాయి. టెక్నీషియన్ మస్తాన్ నాకంటే పదేళ్ళు చిన్న. చిన్నయ్య మెడకు కాలర్ వేసి, వెన్ను కదలకుండా పొడుగాటి పలక మీద పడుకోబెట్టి బండిలోకి ఎక్కించి, నన్ను తలవైపు కూర్చోబెట్టాడు. “రెండు చేతుల్తో పట్టుకో సార్. ఆత్మకూరు దాకా తియ్యొద్దు” అన్నాడు.

అయిదు నిమిషాలకే, ఆఫీసులో లాగే, లేచి తిరగాలనిపించింది. ఈ ఉద్యోగమంటే పరుగే అనుకుని వచ్చిన వాణ్ణి. చెమట తుడుచుకోవడానికి ఒక చెయ్యి తీశాను. చిన్నయ్య తలుపు వైపు తిరగబోయాడు. “నా మేకల్ని ఎవురు తోలకపోతారయ్యా?”

“చెయ్యి తీసినావంటే మనిషి జీవితాంతం మంచంలోనే! పట్టుకో!” అన్నాడు మస్తాన్. సార్ అనడం మానేశాడు. నాకు సిగ్గూ భయమూ రెండూ వేశాయి.

వెంటనే పట్టుకుని, నాకు తెలిసిన ఆఫీసు విద్య ఒక్కటే వాడాను. మందలో ఏమేమున్నాయో తల తిప్పకుండా చెప్పమన్నాను. రాసుకుంటానన్నాను, రెండు చేతులూ అతని తలకే అంటుకుని ఉన్నా.

“బొల్లిదుండాది. కుంటిదుండాది. చెవి తెగిందుండాది, దాన్ని కుక్క పట్టినాది…” ఒక్కొక్కదాని కథ చెప్పుకుంటూ పోయాడు. అన్నీ అయ్యాక వాటి తల్లుల దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరు కాలివేళ్ళు ఆడించమన్నాడు. ఆడించాడు. తర్వాత చిన్నయ్య నన్ను అడిగాడు: “రాసుకున్నావా?”

రాసుకున్నానన్నాను. నా వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి; రాజీనామా మీద సంతకం మర్నాడు పొద్దున పెట్టాను.

ఆ బండ్ల మీదే పనిచేసి రిటైరయ్యాను. అందులో పరుగు కొంత, రోగి తల దగ్గర కదలకుండా కూర్చోవడం చాలా. కూర్చోలేకపోవడం నా గుణమని పన్నెండేళ్ళు నమ్మాను. ఎదురుగా మనిషి ఉంటే నేనూ కూర్చోగలనని తెలిసింది ఆ మధ్యాహ్నమే.